సర్బ్ (కరోనాలో కెనడా ప్రభుత్వం ఇచ్చిన సాయం) డబ్బు వెనక్కి కట్టమని లెటర్ వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న – బ్రాంప్టన్ నుంచి, 2020 డిసెంబర్ 14

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా కిందటేడాది నవంబర్‌లో పీఆర్ (శాశ్వత నివాసం) మీద హైదరాబాద్ నుంచి కెనడా వచ్చాం. ఫిబ్రవరిలో ఒక ఏజెన్సీ ద్వారా వేర్‌హౌస్‌లో పని దొరికింది, గంటకు 14 డాలర్లు. మార్చి నెలాఖరుకు కరోనా వల్ల షిఫ్టులు ఆపేశారు. ఏప్రిల్ నుంచి నాలుగు సార్లు సర్బ్ తీసుకున్నాను, మొత్తం 8,000 డాలర్లు. ఆగస్టులో మళ్లీ పనిలో చేరాను. మొన్న సీఆర్‌ఏ, అంటే ఇక్కడి పన్నుల శాఖ నుంచి లెటర్ వచ్చింది. 5,000 డాలర్ల ఆదాయం ఉన్నట్టు రికార్డుల్లో కనిపించడం లేదట, అర్హత లేకపోతే డిసెంబర్ 31 లోపు వెనక్కి కట్టమని. నేను ఇక్కడ అప్పటికి సంపాదించింది నాలుగు వేల చిల్లరే. కట్టకపోతే కేసు పెడతారని, సిటిజన్‌షిప్ రాదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఊళ్లో నాన్న అమ్మ బంగారం తాకట్టు పెట్టి డబ్బు పంపుతానంటున్నారు. నాలుగు రోజులుగా నిద్ర లేదు. పెద్దవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు – మిస్సిసాగా నుంచి, అదే రోజు రాత్రి

తమ్ముడూ, ముందు నాన్నగారికి ఫోన్ చేసి బంగారం జోలికి వెళ్లొద్దని చెప్పు. మిగతాది తర్వాత చదువు.

చెప్పావా? సరే. హైదరాబాద్‌లో ఉద్యోగం ఎప్పుడు మానేశావు? 2019 అక్టోబర్ దాకా చేసి ఉంటే నువ్వు ఒక్క డాలర్ కూడా కట్టనక్కర్లేదని నా నమ్మకం. సర్బ్‌కి కావలసింది 2019లో గానీ, అప్లై చేసిన రోజుకు ముందు 12 నెలల్లో గానీ 5,000 డాలర్ల సంపాదన. ఆ సంపాదన కెనడాలోనే ఉండాలని రూల్ లేదు. నువ్వు కెనడాలో నివసిస్తూ ఉండాలి, పని కరోనా వల్ల ఆగి ఉండాలి, అంతే. నెలకు 45,000 రూపాయల జీతమే అనుకున్నా పది నెలలకు నాలుగున్నర లక్షలు. అప్పటి రేటు డాలరుకు 53 రూపాయల దగ్గర వేసుకో, ఎనిమిది వేల డాలర్లు దాటుతుంది.

మరి లెటర్ ఎందుకు వచ్చిందంటావా? సీఆర్‌ఏ కంప్యూటర్‌కి కనిపించేది ఇక్కడి టీ4లు (కంపెనీలు ఇచ్చే జీతం స్లిప్పులు), ఇక్కడి రిటర్నులు మాత్రమే. అమీర్‌పేటలో నీ అకౌంట్లో పడిన జీతం దానికి తెలియదు. ఇలాంటి లెటర్లు 4 లక్షల 41 వేల మందికి వెళ్లాయి. అది నువ్వు తప్పు చేశావన్న తీర్పు కాదు, అర్హత మరోసారి చూసుకోమని చెప్పడం. కేసు సంగతి మర్చిపో. సర్బ్ తీసుకున్నందుకు పీఆర్‌కీ సిటిజన్‌షిప్‌కీ ఏ ఇబ్బందీ లేదు. రేపు అమ్మానాన్నలను స్పాన్సర్ చేసేటప్పుడు కూడా 2020కి ఈ డబ్బును ఆదాయంలో లెక్కేసుకోవచ్చని ఇమిగ్రేషన్ వాళ్లు చెప్పారు.

ఇప్పుడు కాగితాలు. ఇండియాలో లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు కాబట్టి 2019కి నీకు జీతం, పన్ను చూపించే ఫారం 16లు రెండు కావాలి. పాత ఆఫీసు హెచ్‌ఆర్‌కి ఈ రాత్రే మెయిల్ పెట్టు, అక్కడ పొద్దున్నే చూస్తారు. పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, రిలీవింగ్ లెటర్ కూడా తీసిపెట్టుకో. ఇక్కడి ఏజెన్సీ ఇచ్చిన ఆర్‌ఓఈ (పని ఆగినప్పుడు ఇచ్చే కాగితం) ఉంటే పని ఎందుకు ఆగిందో దానిలోనే ఉంటుంది. ఇంకొక మాట, జీఎస్టీ క్రెడిట్ (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు) కోసం ఆర్‌సీ 151 ఫారం వేశావా? అందులో ఇక్కడికి రాకముందు ఆదాయం రాయమంటారు. అక్కడ రాసిన అంకె, ఇప్పుడు చెప్పే అంకె ఒకటే ఉండాలి. చాలామంది అప్పుడు తోచిన సంఖ్య రాసేస్తారు, తర్వాత చిక్కు వస్తుంది. తేడా ఉంటే దాచకుండా వాళ్లతోనే చెప్పు.

తర్వాత సీఆర్‌ఏ సైట్‌లో నీ మై అకౌంట్‌లో లాగిన్ అయి ఆ లెటర్ అక్కడ కూడా ఉందేమో చూడు. ఫోన్‌కి వచ్చిన లింకులు నొక్కొద్దు. సర్బ్ పేరుతో దొంగ మెసేజ్‌లు ఏప్రిల్ నుంచీ తిరుగుతున్నాయి. ఆగస్టులో వేల మంది సీఆర్‌ఏ అకౌంట్లలోకి దొంగలు చొరబడ్డారు. గిఫ్ట్ కార్డుల మీద కట్టమనేవాడు ఎవడైనా దొంగే. నిజమైన లెటరే అయితే దాని మీదున్న నంబర్‌కి పొద్దున్నే ఫోన్ చెయ్యి, మాట్లాడినవాళ్ల పేరు, తేదీ రాసిపెట్టుకో.

ఒకటి మాత్రం తప్పదు. సర్బ్ మీద పన్ను ముందుగా పట్టుకోలేదు. ఫిబ్రవరిలో టీ4ఏ అనే స్లిప్ వస్తుంది, దాన్ని ఈ ఏడాది ఆదాయంలో చూపించాలి. కాబట్టి 8,000లో ఒక 1,500 అయినా పక్కన పెట్టుకో.

ఆరేళ్లుగా మనవాళ్లకు రిటర్నులు వేసిపెడుతున్నాను. ప్రభుత్వం డబ్బు అనగానే మనవాళ్లు తలదించుకుంటారు. పని పోయినవాడి ఇంట్లో పొయ్యి వెలగాలని ఇచ్చిన డబ్బు అది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. అర్హత లేకుండా తీసుకున్నవాళ్ల మాట వేరు. వాళ్లు డిసెంబర్ 31 లోపు కడితే టీ4ఏలో ఆ మొత్తం రాదు, పన్ను గొడవ ఉండదు.

జవాబు – స్కార్‌బరో నుంచి, డిసెంబర్ 15

అక్క చెప్పింది కరెక్ట్. ఇంకొక్కటి చూసుకో తమ్ముడూ. ఏప్రిల్ నుంచి జులై మధ్య ఏజెన్సీ నీకు ఏమైనా జీతం వేసిందా? నాకు చిన్న రెస్టారెంట్ ఉంది. వంటవాళ్లిద్దరినీ వేజ్ సబ్సిడీ మీద తిరిగి పెట్టుకున్నాను. అప్పట్లో జీతంలో 75 శాతం, వారానికి 847 డాలర్ల వరకు ప్రభుత్వం ఇచ్చింది. పాత వారాలకు కూడా కలిపి జీతం ఇచ్చాను, అందుకని ఆ వారాల సర్బ్ వాళ్లు వెనక్కి కట్టాల్సి వచ్చింది. అలాగే సర్వీస్ కెనడా అనే ఇంకో ప్రభుత్వ ఆఫీసులో ఒకసారి, సీఆర్‌ఏలో ఒకసారి అప్లై చేసి ఒకే నెలకు రెండు సార్లు తీసుకున్నవాళ్లు కూడా కట్టాలి.

సీబా లోన్ సంగతి విని సర్బ్ కూడా అప్పే అనుకుంటున్నారు కొందరు. కాదు. సీబా మాలాంటి షాపులవాళ్లకు. నేను 40,000 తీసుకున్నాను, 2022 చివరిలోపు 30,000 కడితే 10,000 మాఫీ. అది నిజంగా అప్పు, నేను రోజూ గుర్తుంచుకునే అప్పు. నాకు బాధనిపించింది అద్దె సాయం దగ్గర. ఏప్రిల్‌లో ప్రకటించిన పథకంలో బిల్డింగ్ యజమాని అప్లై చేయాలి, మా ఓనర్ చేయలేదు. సెప్టెంబర్ వరకు అద్దె మొత్తం నేనే కట్టాను. కొత్త పథకంలో అద్దెకున్నవాళ్లే నేరుగా అడగొచ్చు, మొదటి నుంచే అలా పెట్టి ఉంటే ఎన్ని చిన్న షాపులు నిలబడేవో.

జవాబు – ఓక్‌విల్ నుంచి, డిసెంబర్ 15

మరి నా సంగతేంటి అక్కా? ఇంట్లో టిఫిన్ బాక్సులు చేసి అమ్ముతాను. 2019లో అమ్మకం 6,200, ఖర్చులు పోను 3,900. సర్బ్‌కి అప్లై చేసినప్పుడు నెట్ (ఖర్చులు పోను మిగిలేది) అని నాకు ఎక్కడా కనిపించలేదు. ఇప్పుడు నెట్టే చూడాలంటున్నారు. ఉన్న డబ్బులో 2,000 నిన్న కట్టేశాను. మిగతాది ఎలా?

జవాబు – మిస్సిసాగా నుంచి, డిసెంబర్ 15

చెల్లీ, ఇక ఆగు. స్వయంగా పని చేసుకునేవాళ్లందరికీ ఇదే గందరగోళం, దీని మీద పార్లమెంట్‌లో కూడా అడుగుతున్నారు. మీ ఎంపీ ఆఫీసుకి నువ్వూ రాయి, తెలుగులో ఆలోచించి నాకు చెప్పు, ఇంగ్లిష్‌లో నేను రాసిస్తాను.

బ్రాంప్టన్ నుంచి, డిసెంబర్ 19

అక్కా, అన్నా, ఫారం 16లు రెండూ వచ్చాయి. 2019 పది నెలల జీతం 4,70,000. ఏజెన్సీ మధ్యలో ఏమీ వేయలేదు. నిన్న ఫోన్‌లో మాట్లాడాను, కాగితాలు పంపమన్నారు. నాన్న బంగారం లోపల పెట్టేశారు.

ఓక్‌విల్ నుంచి, 2021 ఫిబ్రవరి 10

నిన్న ప్రకటన వచ్చింది, చూశారా? గ్రాస్ (ఖర్చులు తీయకముందు ఆదాయం) 5,000 దాటి, మిగతా అర్హతలు ఉంటే స్వయం ఉపాధివాళ్లు వెనక్కి కట్టక్కర్లేదు. కట్టినవాళ్లకు తిరిగి ఇస్తారట. 2020 పన్ను బాకీ మీద కూడా, 75,000 లోపు ఆదాయం ఉండి ఇలాంటి సాయం తీసుకున్నవాళ్లకు, వచ్చే ఏడాది ఏప్రిల్ 30 దాకా వడ్డీ ఉండదు, రిటర్న్ మాత్రం వేయాలి. అక్కా, ఆ 2,000 ఎలా అడగాలో ఆదివారం మీ ఇంటికొచ్చి చూసుకుంటాను. బాక్సులు తెస్తాను, వంట పెట్టుకోకండి.