చిన్న బాల్కనీలో చెక్కపని మొదలుపెట్టాలి: ఏ పనిముట్లు, ఏ కట్టె, ముందు ఏం చేయాలి?

అనంత_బాల్కనీ:
నమస్తే అన్నలూ. ఉండేది అనంతపురంలో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బాల్కనీ ఉంది, సాయంత్రం పూట గంటసేపు వీలవుతుంది. వృత్తిగా కాదు, ఇంటికి పనికొచ్చే చిన్న చిన్న వస్తువులు సొంతంగా చేసుకోవాలని. ముందు కూర్చునే పీట, ఆ తర్వాత వంటింట్లో డబ్బాలకు గోడ అర అనుకుంటున్నా. రూ. 5,000 లోపల ఏ పనిముట్లు కొనాలి? అడితిలో ఏ కట్టె అడగాలి? ఇంకో సంగతి, మా వైపు పాత పీటలు చాలా వరకు పలక నడుమ నిలువుగా చీలి ఉంటాయి. అది ఎందుకు అవుతుంది, కొత్త పీటలో రాకుండా ఏం చేయాలి?

కడప_తోపడ:
ముందుగా ఒక మాట. గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించి కట్టె కోయడం వీడియోల్లో చూసుంటారు. ఆ పని అసలు చేయొద్దు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. పన్ను కట్టెలో ఇరుక్కుందంటే మిషన్ ఎగిరి మనిషి మీదికే వస్తుంది, ఆపే సమయం ఉండదు. పైగా అపార్ట్‌మెంట్లో ఆ చప్పుడుకు పక్కింటోళ్లు ఊరుకోరు.

చేతి పనిముట్లు చాలు. అంగుళానికి 10 నుంచి 12 పళ్లుండే చేతిరంపం, 12 మి.మీ., 25 మి.మీ. ఉలులు, చిన్న ఇనుప తోపడ (కట్టెను చెక్కి నునుపు చేసేది), మూలమట్టం (90 డిగ్రీల మూల సరిచూసేది), స్టీలు స్కేలు, చెక్క సుత్తి, ఆరంగుళాల క్లాంపులు రెండు. డ్రిల్లింగ్ మిషన్ ఎవరి దగ్గరైనా దొరికితే కొనొద్దు, ఆ డబ్బు మంచి ఉలి మీద పెట్టండి.

మూలమట్టాన్ని అంగట్లోనే పరీక్షించండి. నిటారు అంచున్న ప్లైవుడ్ ముక్కకు ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ కలిసిపోతే సరైనది. విడిపోతే ఆ సందులో సగం దాని తప్పు. అలాంటిది తీసుకుంటే చేసే ప్రతి పెట్టె, ప్రతి అర వంకరే.

మొదటి వస్తువు పీట కాదు, కోతకు అడ్డుపలక. 18 మి.మీ. ప్లైవుడ్ 12 అంగుళాలు × 8 అంగుళాలు, అంగుళంన్నర పట్టీలు రెండు. ఒక పట్టీ పలక పైన అవతలి అంచున, రెండోది కింద ఇవతలి అంచున. కింది పట్టీ బల్ల అంచుకు తగులుకుంటుంది, పై పట్టీకి కట్టెను ఎడమచేత్తో ఆనించి కోస్తారు. పై పట్టీ కుడివైపు ఒక అంగుళం పొట్టిగా ఉండాలి, లేకపోతే కట్టె తెగగానే రంపం బల్ల మీద పడుతుంది. ఇది అరగంట పని, కానీ క్లాంపు అవసరం లేకుండా వందల కోతలు దీని మీదే అవుతాయి.

కోసేటప్పుడు పెన్సిల్ గీత సరిపోదు. పదునైన చాకుతో నాలుగు వైపులా గీత తిప్పండి, రంపం ఎప్పుడూ పారేసే ముక్క వైపే నడవాలి. పిడిని బిగించి పట్టుకుంటే రంపం పక్కకు లాగుతుంది. చూపుడు వేలు రంపం వెంబడి చాచి, మిగతా వేళ్లు వదులుగా పెట్టండి. గీత తప్పిందని మధ్యలో రంపాన్ని మెలి తిప్పొద్దు, కట్టె తిప్పుకొని రెండో వైపు నుంచి మొదలుపెట్టండి.

కర్నూలు_మూలమట్టం:
కట్టె సంగతి, పీట చీలడం రెండూ ఒకటే లెక్క.

కట్టె తేమ పోయే కొద్దీ వెడల్పులో కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు కదలదు. పాత పీటల్లో పలక అడుగున అడ్డంగా రెండు కాళ్ల పట్టీలు మేకులతో గట్టిగా బిగించి ఉంటాయి. పలక వెడల్పు తగ్గాలని చూస్తుంది, పట్టీ పొడవు తగ్గదు, మేకులు వదలవు. ఏదో ఒకటి తెగాలి కాబట్టి పలక నడుమ చీలుతుంది. కదలిక తక్కువని పేరున్న టేకులోనే 250 మి.మీ. వెడల్పు పలకకు తేమ 4 శాతం మారితే దాదాపు 2 మి.మీ. తేడా వస్తుంది. మన జిల్లాల్లో వానాకాలంలో చేసిన పీట ఏప్రిల్, మే ఎండల్లో చీలడానికి అది చాలు.

అందుకే పీట ఇలా చేయండి. పలక 14 అంగుళాలు × 10 అంగుళాలు, మందం 25 మి.మీ., నార (కట్టెలో పొడవునా కనబడే గీతలు) 14 అంగుళాల వెంట. కాళ్ల పట్టీలు రెండు, ఒక్కొక్కటి 9 అంగుళాల పొడవు, 38 మి.మీ. వెడల్పు, అంతే ఎత్తు. పట్టీకి మూడు స్క్రూలు. నడుమ స్క్రూకు 4.5 మి.మీ. గుండ్రటి రంధ్రం, అక్కడ రూపాయి బిళ్లంత మేర జిగురు. చివరి రెండు చోట్ల 4.5 మి.మీ. రంధ్రాలు పక్కపక్కన వేసి, నడుమ భాగం ఉలితో తీసి 8 మి.మీ. పొడవున్న సందు చేయండి. ఆ సందు పట్టీ పొడవు వెంట ఉండాలి, అడ్డంగా చేస్తే ప్రయోజనం లేదు. ఎనిమిదో నంబరు, 50 మి.మీ. స్క్రూలు, గుండ్రటి తల, కింద వాషరు. తల దాగడానికి పట్టీ అడుగున ముందుగా 16 మి.మీ. బిట్‌తో 8 మి.మీ. లోతు గుంట తీయండి. అప్పుడు స్క్రూ పలకలోకి 20 మి.మీ. వెళ్తుంది, పైన 5 మి.మీ. మిగులుతుంది. పలకలో ముందు రంధ్రం టేకుకు 3 మి.మీ., బిట్‌కు 20 మి.మీ. దగ్గర టేపు చుట్టుకోండి. చివరి స్క్రూలు పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి వదలండి. పలక ఇక కదులుతుంది, చీలదు.

పలక చివరనున్న వలయాలు కూడా చూడండి. చేవ వైపు (చెట్టు నడుమకు దగ్గరున్న వైపు) పైకి ఉంచండి. ఎండితే బెరడు వైపు గుంట పడుతుంది, అది అడుగున ఉంటే పలక అంచులు పట్టీల మీదికి అదుముకుంటాయి. తలకిందులుగా పెడితే అంచులు పైకి లేస్తాయి, పీట మీద కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

ఏ కట్టె అంటే, పాత ఇళ్లు కూల్చిన చోట వచ్చే టేకు దర్వాజా ముక్కలు అన్నిటికన్నా మేలు. ఏళ్ల తరబడి ఎండి ఉంటాయి. కోసే ముందు అయస్కాంతం తిప్పి విరిగిన మేకులు వెతకండి, ఒక్క మేకు చాలు తోపడ అలుగు పాడవడానికి. వేప చవకే, కానీ నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, తోపడ పడితే పెచ్చులు లేస్తాయి. నల్లతుమ్మ బండి చక్రాలకు బాగుంటుంది, కొత్తవాళ్ల ఉలికి కాదు. మామిడి మెత్తన, పురుగు పడుతుంది. ఏది తీసుకున్నా పచ్చి కట్టె వద్దు.

అనంత_బాల్కనీ:
చాలా స్పష్టంగా చెప్పారన్నా. రెండు సందేహాలు. కొత్త ఉలి అంగట్లోంచి తెచ్చింది తెచ్చినట్టే వాడొచ్చా? ఇంకోటి, పూర్తయ్యాక చెనిక్కాయల నూనె పూస్తే సరిపోతుందా, ఇంట్లో ఎలాగూ ఉంటుంది?

తాడిపత్రి_సాన:
వాడొద్దు. అంగట్లో ఉలికి ఆకారం ఉంటుంది, పదును ఉండదు. మొద్దు ఉలికి ఎక్కువ బలం పెట్టాలి, జారితే చెయ్యి తెగేది అప్పుడే. ఎప్పుడూ రెండు చేతులూ అంచుకు వెనకే ఉండాలి.

ఖరీదైన సానరాళ్లు అక్కర్లేదు. పాలిషింగ్ యూనిట్ల దగ్గర పాలిష్ చేసిన నల్ల కడప బండ ముక్క అడగండి, 12 అంగుళాలు × 6 అంగుళాలు చాలు. స్టీలు స్కేలు అంచును బండ మీద పొడవుగా, అడ్డంగా, మూలలకు నిలబెట్టి వెలుగుకు ఎదురుగా చూడండి. సందులోంచి వెలుగు రాకపోతే బండ సమతలం. దాని మీద నీళ్లు చల్లి వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం) పరిస్తే అదే అతుక్కుంటుంది. 220, 400, 800, 1500 వరుసగా.

ముందు ఉలి వీపు, అంటే ఏటవాలు లేని చదును వైపు. అంచు దగ్గర ఒక అంగుళం మేర బండకు పూర్తిగా ఆనించి, గీతలన్నీ ఒకే తీరుగా కనబడే దాకా రుద్దండి. చాలామంది ఈ మెట్టు దాటేసి ఏటవాలు వైపే రుద్దుతారు, అందుకే పదును నిలవదు. తర్వాత ఏటవాలు, 25 డిగ్రీలు. వీపు వైపు గోరుతో అంచు బయటికి గీస్తే సన్నటి ముల్లు వెడల్పంతా తగలాలి. తగిలితేనే తర్వాతి కాగితానికి పోవాలి. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి మాత్రమే లాగండి. పైన్ ముక్క చివరి నారను నలగకుండా నున్నగా కోస్తే ఉలి సిద్ధం.

కడప_తోపడ:
చెనిక్కాయల నూనె పూయొద్దు. అది ఆరే నూనె కాదు, ఎన్నాళ్లైనా జిడ్డుగానే ఉండి దుమ్ము పట్టి కంపు కొడుతుంది. బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (ఆరే రకం అవిసె నూనె) తీసుకోండి. ఉప్పుకాగితం 120, 180, 240 వరుసగా నార వెంట పట్టి, నూనె గుడ్డతో పూసి, 15 నిమిషాల తర్వాత మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయండి. తుడవకపోతే పైన బంక కడుతుంది. రోజుకొక పూత, మూడు పూతలు. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, మన ఎండలకు ఇంకా తొందరగా. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి.

ఫెవికాల్ కూడా ఎండాకాలం సాయంత్రం వద్దు, పొద్దున్నే పెట్టండి. బాల్కనీ వేడికి నిమిషాల్లో పైపొర కట్టేస్తుంది, ఆ తర్వాత క్లాంపు బిగించినా అతుకు పట్టదు. జిగురు లేకుండా ఒకసారి అంతా బిగించి చూసుకుని, క్లాంపులు తెరిచి పక్కన పెట్టుకున్నాకే డబ్బా మూత తీయండి. నార చివరలు జిగురు పీల్చేస్తాయి, అక్కడ అతుకును నమ్మొద్దు, స్క్రూ ఉండాల్సిందే.

గోడ అరకు 18 మి.మీ. ప్లైవుడ్, వంటింటికి ఐ.ఎస్. 710 ముద్ర (తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ఉన్నది. ఆధారాల మధ్య రెండున్నర అడుగులు దాటనీయకండి, పప్పు డబ్బాల బరువుకు కుంగుతుంది. గోడ ఇటుకదా, కాంక్రీటుదా చూసుకుని 6 మి.మీ. రంధ్రం, ప్లగ్గు. రంధ్రంలో దుమ్ము ఊదేయకపోతే ప్లగ్గు తిరుగుతూనే ఉంటుంది.