స్పానిష్ ‘ఎచార్’కి ఇంగ్లీషులో ఏ మాట? మధ్యలో మన ‘వేయు’

ప్రశ్న

అందరికీ నమస్కారం. తెలుగు గ్రూపులో స్పానిష్ గోల ఏమిటని తిట్టుకోకండి, ఇక్కడ రెండూ తెలిసినవాళ్ళు ఉన్నారని ధైర్యం చేస్తున్నాను. స్పానిష్ నుంచి ఇంగ్లీషుకి సబ్‌టైటిళ్ళు రాయడం నేర్చుకుంటున్నాను. ఇప్పుడు చేస్తున్నది స్పెయిన్‌లో జరిగే కుటుంబ కథ. అందులో ‘ఎచార్’ అనే క్రియ మాటిమాటికీ వస్తోంది. నిఘంటువు తీస్తే మొదటి అర్థం ‘త్రో’, అంటే విసరడం. కానీ ఒకావిడ పక్కింటాయనతో ‘ఏచమె ఉన మానో’ అంటే సాయం చేయమని. పిల్లాడు ‘కె ఏచన్ ఎన్ లా తెలె?’ అంటే టీవీలో ఏం వస్తోందని. చివర్లో కూతురు ఫోన్‌లో ‘తె ఏచో దె మేనోస్’ అని ఏడుస్తుంది, అంటే ‘ఐ మిస్ యూ’ అట. వీటిలో విసరడం ఎక్కడుంది? ఎవరైనా ఒక పట్టిక ఇస్తే బట్టీ పట్టేస్తాను.

జవాబు

పట్టిక ఇస్తే మీరు బట్టీ పట్టేస్తారు, వచ్చే ఎపిసోడ్‌లో పట్టికలో లేనిది వస్తుంది. స్పానిష్ అకాడమీ నిఘంటువులోనే ఈ క్రియకి పదుల కొద్దీ అర్థాలున్నాయి, జాతీయాలు వేరే. కాబట్టి పట్టిక పక్కన పెట్టి, మీ ఇంట్లో మాటలు ఒకసారి వినండి.

ఉప్పు వేస్తాం. తాళం వేస్తాం. ఉత్తరం డబ్బాలో వేస్తాం. లెక్క వేస్తాం. బండికి బ్రేకు వేస్తాం. పడవకి లంగరు వేస్తాం, చెరువులో వల వేస్తాం. మొక్క చిగురు వేస్తుంది. నింద వేస్తాం. వీటిలో నిజంగా విసిరేది వల ఒక్కటే, లంగరు కూడా అనుకోండి. ఇప్పుడు ఇదే వరసని స్పానిష్‌లో చెప్తాను: ఎచార్ సాల్, ఎచార్ లా యావె, ఎచార్ ఉన కార్తా, ఎచార్ క్వెంతాస్, ఎచార్ ఎల్ ఫ్రేనో, ఎచార్ ఎల్ ఆంక్లా, ఎచార్ లా రెద్, ఎచార్ బ్రోతెస్, ఎచార్ లా కుల్పా. ఒక్కటీ తప్పలేదు.

మీ సీరియల్లో మొదటి రెండూ కూడా ఇంతే. ‘ఏచమె ఉన మానో’ అంటే ‘కాస్త ఓ చెయ్యి వెయ్యండి’. బీరువా జరపడానికి పక్కింటాయన్ని పిలిచినప్పుడు మనం అనేది అచ్చంగా అదే. ‘కె ఏచన్ ఎన్ లా తెలె?’ అంటే ‘టీవీలో ఏం వేస్తున్నారు?’. మన పిల్లలూ అలాగే అడుగుతారు.

ఇక ఇంగ్లీషు సంగతి. అక్కడ పై తొమ్మిదింటికీ ఒకే క్రియ సరిపోదు. ఉప్పుకి ‘యాడ్’ లేదా ‘పుట్’, తాళానికి ‘లాక్’, ఉత్తరానికి ‘పోస్ట్’ (అమెరికావాళ్ళయితే ‘మెయిల్’), వలకి ‘కాస్ట్’, చిగురుకి ‘స్ప్రౌట్’, నిందకి ‘బ్లేమ్’. తాళం దగ్గర చూడండి, స్పానిష్‌లోనూ తెలుగులోనూ నామవాచకం ఒకటి, క్రియ ఒకటి. ఇంగ్లీషులో రెండూ కలిసి ఒకే క్రియ అయిపోయాయి. అందుకే ‘ఎచార్’ని అనువదించకండి. దాని పక్కనున్న నామవాచకాన్ని చూడండి, ఆ వస్తువుతో ఇంగ్లీషువాళ్ళు ఏం చేస్తారో అది రాయండి.

పుట్టుక చూస్తే ఇది లాటిన్ ‘యాక్తారె’ నుంచి వచ్చింది, అంటే విసరడం. ఫ్రెంచ్ ‘జెతే’, ఇటాలియన్ ‘జెత్తారె’ దీని తోబుట్టువులు. ఇంగ్లీషు ‘ఇజెక్ట్’, ‘ఇంజెక్ట్’, ‘ప్రాజెక్ట్’ కూడా అదే వంశం, కాకపోతే సూటూ బూటూ వేసుకుని ఆఫీసులకి వెళ్ళిపోయాయి. స్పానిష్‌లో మాత్రం వంటింట్లోనే ఉండిపోయింది.

రెండో సభ్యుడు

బాగా చెప్పారు గానీ ఒక ప్రమాదం ఉంది సార్. మనవాళ్ళ ఇంగ్లీషులో తప్పులన్నీ ఈ ‘వేయు’ దగ్గరే. ‘పుట్ ద లాక్’, ‘పుట్ బ్రేక్’ అంటాం కదా. ఈ అమ్మాయి ‘వేయు’ని మనసులో పెట్టుకుని సబ్‌టైటిల్ రాస్తే మాడ్రిడ్ ఆవిడ నోట్లోంచి మన అమీర్‌పేట ఇంగ్లీషు వస్తుంది.

జవాబు

నిజమే. స్పానిష్ వాక్యం అర్థమయ్యే దాకా ‘వేయు’ని నమ్మండి, ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టగానే దాన్ని గుమ్మం బయట వదిలేయండి.

పైగా మన ‘వేయు’ కూడా అన్నిచోట్లా రాదు. ద్రవాల సంగతి చూడండి. స్పానిష్‌లో నీళ్ళకీ ఉప్పుకీ ఒకటే ‘ఎచార్’. మనం నీళ్ళు పోస్తాం, ఉప్పు వేస్తాం. ఇంగ్లీషు కూడా ఇక్కడ మనలాగే నీళ్ళకి ‘పోర్’ అని విడదీస్తుంది. నిప్పులో కట్టెలు వేయడం, ‘ఎచార్ లేన్యా అల్ ఫ్వేగో’, మనకి అగ్నికి ఆజ్యం పోయడం అయింది. ఇంగ్లీషులో ‘యాడ్ ఫ్యూయెల్ టు ద ఫైర్’. మూడు భాషలకీ నిప్పు ఒకటే, అందులో పడేది మాత్రం వాళ్ళకి కట్టె, మనకి నెయ్యి.

ఉద్యోగంలోంచి ‘ఎచార్’ అంటే తీసేయడం, ‘ఫైర్’. ఇంట్లోంచి అయితే వెళ్ళగొట్టడం, ‘త్రో అవుట్’. నిఘంటువు మొదట చెప్పిన ‘త్రో’ పనికొచ్చే కొద్ది చోట్లలో ఇదొకటి.

వయసు ముచ్చట కూడా వస్తుంది చూసుకోండి. ‘క్వాంతోస్ ఆన్యోస్ మె ఏచస్?’ అంటే ‘నాకెన్నేళ్ళుంటాయంటావ్?’. ‘ఎన్నేళ్ళు వేస్తావ్’ అని తెలుగులో అనం, అంచనా మాత్రం వేస్తాం. ఇంగ్లీషులో ‘హౌ ఓల్డ్ డూ యూ థింక్ అయామ్?’ అని రాసేయండి, క్రియని వెతుక్కోవద్దు.

మూడో సభ్యుడు

నేను మెక్సికోలో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ పొద్దున లేచిన దగ్గర్నుంచీ ‘ఏచలె గానాస్’ అంటారు. ‘గానాస్’ అంటే కోరిక, ఉత్సాహం. పరీక్షకి వెళ్ళేవాడికీ, జ్వరంతో మంచం పట్టినవాడికీ అదే మాట. నేనైతే ఇంగ్లీషులో పరీక్షవాడికి ‘గివ్ ఇట్ యువర్ ఆల్’ అనీ, రోగికి ‘హ్యాంగ్ ఇన్ దేర్’ అనీ రాస్తాను. తెలుగులో ‘గట్టిగా ప్రయత్నించు’, ‘గుండె దిటవు చేసుకో’.

ఇంకోటి, అమ్మాయి వెంట పడటాన్ని అక్కడ ‘ఎచార్ లోస్ పేర్రోస్’ అంటారు. మాటకి మాట చూస్తే కుక్కల్ని వదలడం! మన కాలేజీ భాషలో లైన్ వేయడం. ఇంగ్లీషులో ‘హిట్ ఆన్’. ఈ మాట మెక్సికో, కొలంబియా, వెనిజులా వైపుది. మీది స్పెయిన్ సీరియల్ అంటున్నారు, అక్కడ ‘ఎచార్ లోస్ తేహోస్’ వినబడొచ్చు. పని అదే.

అలాగే టీవీలో సినిమా ‘ఎచార్’ చేయడం స్పెయిన్ మాట. లాటిన్ అమెరికాలో ఎక్కువగా ‘పసార్’, ‘దార్’ అంటారు.

మందు సంగతి చెప్పకుండా ఉండలేను. ‘ఎచార్ ఉన్ త్రాగో’ అంటే ఒక పెగ్గు వేయడం. ‘త్రాగో’ అంటే గుటక. మన ‘త్రాగు’కీ దీనికీ చుట్టరికం ఏమీ లేదని తెలుసు, అయినా మొదటిసారి విన్నప్పుడు నా ఆనందం అంతా ఇంతా కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ‘తె ఏచో దె మేనోస్’ మాత్రం ఇంకా అర్థం కాలేదు. ‘నిన్ను తక్కువ వేస్తున్నాను’ అంటే తిట్టులా ఉంది!

జవాబు

అక్కడ ‘వేయు’ చెల్లదు, ఎందుకంటే అది అసలు ‘ఎచార్’ కాదు. పోర్చుగీసులో ‘అషార్’ అనే క్రియ ఉంది, అర్థం కనుగొనడం. ‘అషార్ మేనోస్’ అంటే తక్కువైనట్టు కనుక్కోవడం, అంటే ఉండాల్సింది లేదని గమనించడం. అది స్పానిష్‌లోకి వచ్చేటప్పుడు, వినడానికి దగ్గరగా ఉన్న ‘ఎచార్’ వేషం వేసుకుంది. మధ్యలో ‘దె’ తర్వాత చేరింది. కాబట్టి ఇందులో విసరడం కోసం వెతికితే దొరకదు.

పాత స్పానిష్‌లో ఇదే భావాన్ని తమ సొంత క్రియ ‘అయార్’తో కూడా చెప్పేవారు, దానికీ కనుగొనడమనే అర్థం. సెర్వాంతెస్ నవల ‘డాన్ కిహోతే’ 1605లోనే రెండోసారి అచ్చయినప్పుడు, కథానాయకుడి సేవకుడు సాంచో గాడిద పోయిన ఘట్టాన్ని కొత్తగా చేర్చారు. తెల్లవారి లేచి చూస్తే గాడిద లేదు. అక్కడి మాట ‘అయ్యో మేనోస్ సు రూసియో’. అంటే తన బూడిదరంగు గాడిద తక్కువైనట్టు కనుక్కున్నాడు. ఇది బెంగ కాదు, లెక్కలో ఒకటి తగ్గడం. ఆ తగ్గడంలోంచే బెంగ పుట్టింది.

ఇంగ్లీషు ‘మిస్’ కూడా ఇలాంటి దారే పట్టింది. గురి తప్పడం, అందుకోలేకపోవడం, లేదని గమనించడం, చివరికి బెంగపడటం. అందుకే ‘ఐ మిస్ యూ’ ఇక్కడ చక్కగా అతుకుతుంది. కాకపోతే వెనక్కి వెళ్ళేటప్పుడు జాగ్రత్త. బస్సు మిస్సయితే స్పానిష్‌లో ‘పెర్దేర్’, పోగొట్టుకోవడం. బస్సుకి ‘ఎచార్ దె మేనోస్’ వాడితే, పాపం ఆ బస్సు మీద బెంగ పెట్టుకున్నాడు అనుకుంటారు. లాటిన్ అమెరికాలో మనిషి మీద బెంగకి ‘ఎస్త్రన్యార్’ ఎక్కువ.

తెలుగులో ఈ మాట చెప్పడానికి నాకు తెలిసి మనం కర్తనే మార్చేస్తాం. ‘నువ్వు గుర్తొస్తున్నావు’, ‘నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది’. ఇవి రెండూ ‘మిస్సవుతున్నా’ కన్నా నాకు నచ్చుతాయి. ఈ కాలం పిల్లలు ఒప్పుకోరనుకోండి.

మూడో సభ్యుడు

సాంచో గాడిద పోతే ‘అయ్యో’ అన్నాడా! అచ్చ తెలుగువాడే.

రెండో సభ్యుడు

నాదొక వ్యాకరణం సందేహం. మనకి ‘వేయు’ సహాయక క్రియగా కూడా వస్తుంది కదా, తినేశాడు, అమ్మేశాడు, చెప్పేశాడు. స్పానిష్‌లోనూ ‘ఎచార్ ఆ’ అని ఇంకో క్రియ పెడతారు. రెండూ ఒకటేనా?

జవాబు

మంచి ప్రశ్న. చూడ్డానికి ఒకటే, దిక్కు మాత్రం ఎదురు. మన ‘వేయు’ పని అయిపోయిందని చెప్తుంది. తినేశాడు అంటే పళ్ళెం ఖాళీ. స్పానిష్ ‘ఎచార్ ఆ’ పని ఉన్నట్టుండి మొదలైందని చెప్తుంది. ‘ఎచో ఆ కొర్రేర్’ అంటే పరుగెత్తేశాడు కాదు, పరుగు లంకించుకున్నాడు. అది కూడా అన్ని క్రియలకీ రాదు. నడవడం, పరుగెత్తడం, ఎగరడం లాంటి కదలికలకి ‘ఎచార్ ఆ’. ఏడవడం, నవ్వడం, వణకడం లాంటివాటికి ‘ఎచార్సె ఆ’. ‘సె ఎచో ఆ యొరార్’ అంటే ఒక్కసారిగా ఏడుపు మొదలుపెట్టింది.

మనల్ని పడేసే చోటు ఇదే. ‘ఏడ్చేసింది’ అన్నది తెలుగులోనూ ఏడుపు తన్నుకొచ్చిందనే చెప్తుంది, కాబట్టి రెండు భాషలూ కలిశాయని అనిపిస్తుంది. అది చూసి పరుగుకి కూడా ‘ఏశాడు’ తగిలిస్తే తప్పు. ఇంగ్లీషులో ఏడుపుకి ‘బర్స్ట్ ఇంటూ టియర్స్’, పరుగుకి ‘బ్రోక్ ఇంటూ ఎ రన్’ లేదా ‘టుక్ ఆఫ్ రన్నింగ్’. విసరడం పోయినా పగలడం, పేలడం వచ్చాయి చూడండి. హఠాత్తుగా మొదలయ్యేదాన్ని మెత్తని క్రియతో చెప్పడం వాళ్ళకీ ఇష్టం లేదు.

స్పెల్లింగ్ గురించి ఒక్క మాట. ‘ఏచో’ అంటే నేను వేస్తాను. ‘చేసిన’ అనే అర్థంలో ఇంకో ‘ఏచో’ ఉంది, దానికి ముందు పలకని అక్షరం ఒకటి రాస్తారు. స్పెయిన్‌వాళ్ళే తరచూ ఆ అక్షరాన్ని ఇక్కడికి తెచ్చి పెట్టేస్తుంటారు. మీరు స్క్రిప్టులో అలా కనబడితే కంగారు పడొద్దు.

ప్రశ్న అడిగినవారు

ఆఖరిది సార్. పెళ్ళి సీనులో తాతగారు ‘ఎమోస్ ఎచాదో లా కాసా పోర్ లా వెంతానా’ అంటారు. ఇల్లు కిటికీలోంచి విసిరేశాం. మనకి ఇల్లు పీకి పందిరేయడం ఉంది కదా, అదేనా?

జవాబు

కాదమ్మా. ఇల్లు పీకి పందిరేసేది అల్లరి పిల్లలు. తాతగారు చెప్తున్నది ఖర్చు గురించి, చేతికి ఎముక లేనట్టు పెట్టామని. స్పెయిన్‌లో మూడో కార్లోస్ రాజు కాలంలో, 1763లో, లాటరీ మొదలైంది. లాటరీ తగిలినవాళ్ళు పాత సామాన్లు కిటికీలోంచి పారేసేవారట, అందులోంచి ఈ మాట వచ్చిందని కథ చెప్తారు. ఇలాంటి పుట్టుక కథల్ని నేను సగమే నమ్ముతాను. ఇంగ్లీషులో ‘వీ వెంట్ ఆల్ అవుట్’ చాలు. ‘స్పేర్డ్ నో ఎక్స్‌పెన్స్’ కూడా సరైనదే గానీ తాతగారి నోటికి కొంచెం బరువు.

ఇల్లూ కిటికీ పోతున్నాయని బాధగా ఉంటుంది, నాకు తెలుసు. సబ్‌టైటిల్‌కి తెర మీద రెండు వరసలే చోటు, చదివేవాడికి కొన్ని సెకన్లే టైము. కిటికీ గురించి అతను ఆలోచించే లోపు పెళ్ళి భోజనాలు అయిపోతాయి.

రెండో సభ్యుడు

తిట్లు వస్తే ఏం చేస్తారో కూడా చెప్పండి. ‘ఎచార్ లా బ్రోంకా’ ఖచ్చితంగా వస్తుంది, స్పెయిన్ అమ్మలు ఊరుకోరు.

జవాబు

అక్షింతలు వేయడం! ఇంగ్లీషులో ‘టెల్ ఆఫ్’. ‘అమ్మ నాకు అక్షింతలు వేసింది’ అంటే ‘మమ్ టోల్డ్ మీ ఆఫ్’. అమెరికా ప్రేక్షకుల కోసమైతే ‘చ్యూడ్ మీ అవుట్’ అని రాయొచ్చు.