అప్‌డేట్: లిఫ్ట్‌లో బరువు ఎందుకు మారడం లేదన్న నా ప్రశ్నకు జవాబు దొరికింది

లిఫ్ట్ పైకి వెళ్తుంటే బరువు పెరగాలని మా వాడి ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ఉంది, విజయవాడలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో మాత్రం డిజిటల్ మెషిన్ మీద అంకె కదలడం లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. 'ముల్లు ఉన్న పాత మెషిన్ వాడి చూడండి' అన్న సలహానే పనిచేసింది. మాది అంకె ఒకసారి స్థిరపడగానే లాక్ అయ్యే రకం. బ్యాటరీకీ, లిఫ్ట్ పాతదా కొత్తదా అన్నదానికీ సంబంధం లేదు.

పక్కింటి పిన్నిగారి ముల్లు మెషిన్ తెచ్చాం. వాడి బరువు 60 కిలోలు. పైకి బయలుదేరగానే ముల్లు 66 దగ్గరికి ఎగిరి, మధ్య అంతస్తుల్లో మళ్లీ 60కి వచ్చి కూర్చుంది. ఆగేటప్పుడు 54కి పడింది. కిందికి వస్తూ ఆగేటప్పుడు కూడా 66 చూపించేసరికి వాడు తెల్లమొహం వేశాడు!

వాళ్ల లెక్చరర్‌గారు లెక్క కట్టి చూపించారు. అదనపు 6 కిలోలను 9.8తో గుణిస్తే దాదాపు 59 న్యూటన్ల బలం. దాన్ని 60 కిలోల ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం (అంటే వేగం మారే రేటు) సెకనుకు సెకనుకు ఇంచుమించు 1 మీటరు. లిఫ్ట్ ఎటు పోతోందన్నది కాదు, వేగం ఎటువైపు మారుతోందన్నదే లెక్క. ఒకే వేగంతో పోతుంటే త్వరణం సున్నా, అదనపు బలమూ సున్నా.

చేసి చూడాలనుకునేవాళ్లు ఫోన్‌లో వీడియో తీసుకోండి, ముల్లు క్షణంలో కదిలి వెనక్కి వచ్చేస్తుంది.