సిస్టమ్ ఫ్రీజ్ అయి స్క్రీన్ నల్లబడిపోతుంటే ముందు ఫార్మాటా, హార్డ్‌వేర్ చెకింగా?

తెల్లగువ్వ:
అన్నలూ, ఇంట్లో డెస్క్‌టాప్‌తో తల ప్రాణం తోకకొస్తోంది. బాగానే నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి మౌస్ కదలదు, స్పీకర్లలో ఏ ముక్క వస్తుంటే అదే 'ట్ర్ర్ర్ర్' అని పట్టేసుకుంటుంది, కాసేపటికి స్క్రీన్ నల్లగా అయిపోయి మానిటర్ మీద నో సిగ్నల్ అని వస్తుంది. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి, పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప ఆగదు. గేమ్ ఆడేటప్పుడే అయితే వేడి అనుకోవచ్చు, ఊరికే బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటున్నా అవుతోంది, ఒక్కోసారి గంటల తరబడి గేమ్ ఆడినా ఏమీ అవ్వదు. నీలం స్క్రీన్ ఇంతవరకూ రాలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో (జరిగినవన్నీ విండోస్ రాసుకునే లాగ్) కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా ఉంది. రైజెన్ ప్రాసెసర్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్, రెండు ర్యామ్ స్టిక్కులు, విండోస్ 11. మా బావ ఫార్మాట్ కొట్టేయ్ అంటాడు, ఫ్రెండేమో ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) మార్చమంటాడు. పిల్లల ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి. ముందు ఏం చేయమంటారు?

కొత్తచిప్:
నా ఓటు ఫార్మాట్‌కే. హార్డ్‌వేర్ వైపు వెళ్తే ఒక్కో పార్ట్ మార్చి చూసుకుంటూ పోవాలి, ఇంట్లో స్పేర్ ఎస్‌ఎంపీఎస్, స్పేర్ గ్రాఫిక్స్ కార్డ్ ఎవరి దగ్గర ఉంటాయి చెప్పండి? క్లీన్ ఇన్‌స్టాల్‌కి పెన్‌డ్రైవ్ చాలు, సాయంత్రానికి తేలిపోతుంది. ఇళ్ళల్లో సిస్టమ్‌లు చూస్తే పాత డ్రైవర్ మీద కొత్త డ్రైవర్, దానిపైన రెండు యాంటీవైరస్‌లు, లైట్లు వెలిగించే సాఫ్ట్‌వేర్ ఒకటి, ఫ్యాన్ స్పీడ్ సాఫ్ట్‌వేర్ ఇంకోటి, ఇవన్నీ విండోస్ మూలమైన కెర్నల్ దాకా చొరబడి కూర్చుంటాయి, ఏది దేనితో కొట్టుకుంటోందో వెతకడం కంటే ఊడ్చేసి మళ్ళీ వేయడం తేలిక.

మల్టీమీటర్:
కొత్తచిప్ గారూ, డ్రైవర్ల గోల నిజమే. కానీ ఫార్మాట్ కొడితే ముందు పోయేది ఈవెంట్ లాగ్, ఈ కేసులో మన చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే. పైగా బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) సెట్టింగుల్ని ఫార్మాట్ ముట్టుకోదు. ర్యామ్‌ని ఎక్స్‌ఎంపీలో (మామూలు కంటే వేగంగా నడిపే బయోస్ సెట్టింగ్) నడుపుతున్నారనుకోండి, అది కంపెనీ ఇచ్చిన ప్రొఫైలే అయినా ఓవర్‌క్లాకే, విండోస్ ఎన్నిసార్లు వేసినా అది అలాగే ఉంటుంది. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకోటి ఉంది. ర్యామే తేడాగా ఉంటే కొత్త విండోస్ ఫైళ్ళన్నీ ఆ ర్యామ్ గుండానే కదా డిస్క్ మీదకి వెళ్ళేది, అంటే ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే పాడై కూర్చోవచ్చు. ఫోటోల బ్యాకప్ కూడా అంతే, అందుకే కుదిరితే డిస్క్ విప్పి వేరే సిస్టమ్‌కి తగిలించి కాపీ చేసుకోండి. ఇది మాత్రం ఈరోజే చేయండి.

తెల్లగువ్వ గారూ, ఆ 41 చూసి కరెంటు సమస్య అని ఫిక్స్ అయిపోకండి. సరిగ్గా షట్‌డౌన్ అవ్వకుండా ఆగిపోయాను అని విండోస్ మళ్ళీ లేచాక రాసుకునే మాట అది, మీరు బటన్ నొక్కి పట్టుకున్నా అదే వస్తుంది. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంటే నీలం స్క్రీన్ వివరం ఏదీ రికార్డ్ అవ్వలేదని అర్థం. చూడాల్సింది దాని ముందు ఎంట్రీలు. 4101 ఉంటే డిస్‌ప్లే డ్రైవర్ ఆగి మళ్ళీ లేచిందన్నమాట, డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ 18 ఉంటే ఫేటల్ హార్డ్‌వేర్ ఎర్రర్ అని ప్రాసెసరే చెప్తోంది, 129 ఉంటే డిస్క్ జవాబివ్వక రీసెట్ కొట్టాల్సొచ్చింది.

ఈసారి ఫ్రీజ్ అయినప్పుడు వెంటనే బటన్ నొక్కేయకుండా క్యాప్స్ లాక్ కొట్టి కీబోర్డ్ లైట్ మారుతోందా చూడండి. మారితే సిస్టమ్ లోపల ఇంకా బతికే ఉంది, డిస్‌ప్లే వైపే పోయింది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది, స్క్రీన్ తిరిగి రావచ్చు. లైట్ కూడా మారకపోతే మొత్తం బిగుసుకుపోయినట్టే.

ఎర్రవైరు:
ఎస్‌ఎంపీఎస్‌ని పక్కన పెట్టేశారేంటి అందరూ? గ్రాఫిక్స్ కార్డులు మిల్లీసెకన్లలో కరెంటు గుంజుతాయి, ఆ గుంజుడు కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు తట్టుకోలేవు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే ఎస్‌ఎంపీఎస్ స్పెసిఫికేషన్‌లో 100 మైక్రోసెకన్ల పాటు రేటెడ్ పవర్‌కి రెండింతల దాకా తట్టుకోవాలని పెట్టారంటేనే అర్థం చేసుకోండి. 12 వోల్టుల లైన్ 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, మీటర్ పెట్టి కొలవండి. కార్డుకి ఒకే కేబుల్‌కి ఉన్న రెండు పిన్నులు గుచ్చి ఉంటే తీసేసి రెండు వేరే కేబుళ్ళు వేయండి.

మల్టీమీటర్:
కేబుల్ మాట కరెక్ట్, అది ఖర్చు లేని పని, చేసేయాల్సిందే. కానీ మీటర్ సగటు చూపిస్తుందండీ, మైక్రోసెకన్ల డ్రాప్ దానికి కనపడదు, 12.0 చూపించినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు. ఇంకోటి, ఎస్‌ఎంపీఎస్ ప్రొటెక్షన్ ట్రిప్ అయితే టక్కున మొత్తం ఆరిపోతుంది, ఫ్యాన్లు కూడా ఆగుతాయి. ఈయనకి ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఖాళీగా ఉన్నప్పుడు కూడా అవుతోంది. ఎస్‌ఎంపీఎస్ అస్సలు కాదు అనను, లిస్టులో మొదటిది మాత్రం కాదు.

కొత్తచిప్:
సరే, ఫార్మాట్ వద్దంటే కనీసం సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా పీకేసి కొత్తది వేయమనండి. అందులో పోయేదేముంది?

గడ్డిపరక:
దీనికి మధ్యే మార్గం ఉంది కదా. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' అని ఇస్తారు కదా, దాంట్లోంచే నడపండి. మీ విండోస్‌ని ముట్టుకోదు, డ్రైవర్లు వేరు, అన్నీ వేరు. అందులో కూడా ఫ్రీజ్ అయితే విండోస్ మీద అనుమానం దాదాపు వదిలేయొచ్చు.

కొత్తచిప్:
అవ్వకపోతే? లైనక్స్‌లో ఈయన గేమ్ ఆడరు, లోడ్ వేరు. అవ్వలేదు కాబట్టి విండోస్‌దే తప్పు అని కూడా చెప్పలేం.

గడ్డిపరక:
చెప్పలేం, నిజమే. అయితేనే రుజువు, అవ్వకపోతే ఇంకో టెస్ట్. రైజెన్ కాబట్టి ఒక మాట, మొదటి తరం రైజెన్‌లలో ఖాళీగా ఉన్నప్పుడు ఫ్రీజ్ అవ్వడం బాగా తెలిసిన సమస్య, బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఉంటే దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కి మార్చేవాళ్ళు. మీది పాతదైతే చూడండి.

తెల్లగువ్వ:
అప్‌డేట్ ఇస్తున్నా. ఫోటోలు మా బావ ల్యాప్‌టాప్‌కి డిస్క్ తగిలించి తీసేశా, ఇప్పుడు ప్రాణం కుదుటపడింది. మళ్ళీ ఫ్రీజ్ అయినప్పుడు క్యాప్స్ లాక్ కొట్టా, లైట్ మారలేదు, ఆ నాలుగు కీలూ పనిచేయలేదు. లాగ్‌లో 4101 లేదు, 18 లేదు, 129 లేదు, 41 డీటెయిల్స్‌లో బగ్‌చెక్ 0. డీడీయూ కొట్టి కొత్త డ్రైవర్ వేసినా మార్పు లేదు. లైనక్స్‌లో కూడా అలాగే సౌండ్ పట్టేసి నల్లగా అయిపోయింది! ప్రాసెసర్ కొత్త తరమే. ఎక్స్‌ఎంపీ ఆన్‌లోనే ఉంది. ఇంకో విషయం, రిలయబిలిటీ మానిటర్ తెరిచి చూస్తే ఒక రోజు బ్రౌజర్, ఇంకో రోజు ఎక్స్‌ప్లోరర్, మరో రోజు పీడీఎఫ్ రీడర్, రోజుకొకటి క్రాష్ అయినట్టు ఉంది, నేను అసలు గమనించనే లేదు.

మల్టీమీటర్:
ఆ చివరి మాటే అసలు క్లూ. ఒకే ప్రోగ్రామ్ మళ్ళీ మళ్ళీ పడిపోతే ఆ ప్రోగ్రామ్‌ని అనుమానించాలి, రోజుకొకటి పడిపోతుంటే అన్నీ కలిసి వాడేదాన్ని, అంటే ర్యామ్‌ని అనుమానించాలి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రి వదిలేయండి. ముందు ఎక్స్‌ఎంపీ ఆన్‌లో, తర్వాత ఆఫ్‌లో. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, 'ఒక్కటే కదా' అనుకోవద్దు. ఎర్రర్ వస్తే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడండి, ఎర్రర్ ఇచ్చిన స్టిక్‌ని వేరే స్లాట్‌లో కూడా పెట్టండి, లేకపోతే తప్పు స్టిక్‌దో స్లాట్‌దో తెలీదు.

తెల్లగువ్వ:
సార్, ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఎర్రర్లు వరసపెట్టి వచ్చాయి. ఆఫ్ చేస్తే తక్కువ, కానీ ఉన్నాయి. విడిగా పెడితే ఒక స్టిక్ శుభ్రంగా పాస్, రెండోది ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రర్లే. ఇప్పుడు మంచి స్టిక్ ఒక్కదానితో నడుపుతున్నా, ఇంతవరకూ ఫ్రీజ్ అవ్వలేదు. ర్యామ్‌కి వారంటీ ఉంది.

కొత్తచిప్:
మంచిది. కానీ ఇన్నాళ్ళూ ఆ స్టిక్‌తోనే విండోస్ అప్‌డేట్లు పడ్డాయి కదా, సిస్టమ్ ఫైళ్ళు ఎంత పాడయ్యాయో ఎవరికి తెలుసు, ఇప్పుడైనా క్లీన్ ఇన్‌స్టాల్ చేయాలనే నా మాట.

మల్టీమీటర్:
ఇప్పుడు మీతో నాకు గొడవే లేదండీ, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో సిస్టమ్ ఫైళ్ళు చెక్ చేసి సరిచేసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొట్టి చూసి, రిపేర్ అవ్వకపోతే ఫార్మాట్ చేసేయొచ్చు. తెల్లగువ్వ గారూ, రెండు స్టిక్కులు ఒకే కిట్‌గా కొన్నవైతే వారంటీకి చాలా కంపెనీలు రెండూ కలిపి పంపమంటాయి, అప్పటిదాకా వాడుకోవడానికి వేరే ర్యామ్ ఏమైనా దొరుకుతుందేమో చూసుకోండి. కొత్తది వచ్చాక కూడా మెమ్‌టెస్ట్ నడిపాకే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. అలాగే ఆ పాడైన స్టిక్ ఉన్నప్పుడు కాపీ చేసినవో ఎడిట్ చేసినవో ఫోటోలుంటే ఒక్కొక్కటి తెరిచి చూడండి, సగం బూడిదరంగుతో ఉన్నవి కనపడితే ఫోన్‌లో ఒరిజినల్ డిలీట్ చేయకముందే మళ్ళీ తెచ్చుకోవచ్చు.