బొగ్గు పొగకు చచ్చిన కొండ అడవి మళ్లీ పచ్చబడితే నష్టం పూడినట్టేనా?

చెమ్నిట్జ్_శీను
జర్మనీ, చెక్ సరిహద్దులోని ఓర్ పర్వతాలకు సెలవు దొరికితే వెళ్తుంటాను. 1970, 80ల్లో అక్కడి స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకుల చెట్టు) అడవులు కొండలకు కొండలే ఎండిపోయాయి. చెక్ వైపు లోయలో లిగ్నైట్ అనే నాసిరకం బొగ్గు కాల్చే థర్మల్ ప్లాంట్లు ఉండేవి. చలికాలంలో పొగ పైకి పోక రోజుల తరబడి కొండలకే పట్టుకునేది. 1998 నాటికి ఆ ప్లాంట్లకు గంధకం తీసే ఎఫ్‌జీడీలు పెట్టారు. ఇప్పుడు అంతా పచ్చగానే ఉంది. అయినా అడవి కోలుకుందంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. మీరేమంటారు?

బొగ్గుబాబు
కోలుకుంది కాబట్టే పచ్చగా ఉంది, ఇంకేం కావాలి? 1980ల్లో జర్మనీ అడవులన్నీ పోతాయని పత్రికలు గోలగోల చేశాయి. పోయాయా? 2003లో వాళ్ల మంత్రే గండం గడిచిందని చెప్పేసింది.

గోదారిగట్టు
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

వనజ_బోటనీ
పచ్చగా ఉన్నదేమిటో కూడా చూడాలి కదండీ. ఆ కొండల్లో మొదట బీచ్, ఫర్, స్ప్రూస్ కలిసి ఉండేవి. వెండి గనుల కోసం వాటిని నరికేశారు. తర్వాత కలప కోసం ఒక్క స్ప్రూసే వరసలుగా నాటారు. పొగకు అది చచ్చాక ఖాళీ నేలంతా గడ్డి కమ్మేసి కొత్త మొలకను లేవనివ్వలేదు. అప్పుడు పొగను తట్టుకుంటుందని అమెరికా నుంచి వచ్చిన నీలి స్ప్రూస్ పెట్టారు. ఇప్పుడు దాని మొగ్గలకు బూజు తెగులు పట్టి అదీ పోతోంది. మళ్లీ బీచ్ నాటుతున్నారు. యాభై ఏళ్లలో ఎన్ని అడవులు మారాయో లెక్కేసుకోండి.

ఇక నేల సంగతి. పొగలోని గంధకం నుంచి వచ్చే ఆమ్లం నేలలోని కాల్షియం, మెగ్నీషియం కడిగేస్తుంది, అల్యూమినియం కరిగి సన్న వేళ్లను దెబ్బతీస్తుంది. పొగ ఆగినంత మాత్రాన పోయిన కాల్షియం తిరిగి రాదు. అమెరికాలో హబ్బర్డ్ బ్రూక్ అనే చోట 1999లో ఒక వాగు పరీవాహకం మొత్తానికి హెలికాప్టర్‌తో కాల్షియం చల్లారు. చల్లినచోట మేపుల్ చెట్లు పక్క అడవి కన్నా బాగా తేరుకున్నాయి. అంటే నేలలో లోటు ఉన్నట్టే కదా?

బొగ్గుబాబు
మేడమ్, ఒక్క స్ప్రూసే నాటారని మీరే అన్నారు. అలాంటి తోట తెగులుకో గాలికో ఎలాగూ పోతుంది. తప్పు నాటినవాళ్లది, ప్లాంట్లది కాదు.

చెమ్నిట్జ్_శీను
అన్నా, కొండ పైభాగంలో స్ప్రూస్ సహజంగా పెరిగేదే. 1995-96 చలికాలంలో పొగ మళ్లీ గడ్డకట్టినట్టు నిలబడితే అప్పటిదాకా బతికిన చెట్లు కూడా ఎర్రబడ్డాయి. ఎఫ్‌జీడీలు వచ్చాక అలాంటి చలికాలం మళ్లీ రాలేదు. దీనికేమంటావు?

బొగ్గుబాబు
నాటింది స్ప్రూసా కాదా? అది చెప్పు ముందు.

పిల్లిమొగ్గ
మూడు పోస్టుల నుంచీ స్ప్రూస్ దగ్గరే ఉన్నాం.

వనజ_బోటనీ
నాటారు. అయితే? నాటిన చెట్టుకు పొగ పెట్టొచ్చా? మా నాన్న మిరప చేను ఒక థర్మల్ ప్లాంటు పక్కనే. ఆకుల మీద బూడిద దులిపి దులిపి చివరికి కౌలుకిచ్చేశాడు. అడిగితే "మొక్క చావలేదు కదా" అన్నారు. అచ్చం మీలాగే.

బొగ్గుబాబు
బూడిద వేరు, గంధకం వేరు. ఎఫ్‌జీడీ బూడిద కోసం కాదు, బూడిదను పట్టేది ఈఎస్‌పీ. బోటనీ చదివినవాళ్లు కూడా రెండూ కలిపేస్తే ఎలా?

వనజ_బోటనీ
తేడా నాకూ తెలుసు. మా ఊళ్లో రెండూ ఒకే గొట్టం నుంచి వస్తాయి. మీకు అక్కడ జీతం వస్తుంది, మాకు పొగ వస్తుంది.

గోదారిగట్టు
అమ్మో.

బొగ్గుబాబు
అవును, థర్మల్‌లోనే చేస్తాను. దాచలేదు. ఇక సూటిగానే మాట్లాడుకుందాం. మీ అందరి బాధ ఓర్ పర్వతాలు కాదు. 2015లో మన ప్లాంట్లకు ఎఫ్‌జీడీ తప్పనిసరి చేసి, గడువులు పొడిగించి పొడిగించి, 2025 జూలైలో చాలా యూనిట్లకు మినహాయింపు ఇచ్చారు. అదీ మీ కడుపుమంట. మన బొగ్గులో గంధకం అర శాతం అటూ ఇటూ, చెక్ లిగ్నైట్‌లో దానికి ఎన్నో రెట్లు. ఎఫ్‌జీడీ పెడితే కరెంటు యూనిట్‌కు పావలా నుంచి ముప్పై పైసలు పెరుగుతుందని పరిశ్రమవాళ్లు అంటున్నారు. ఎవరు కడతారు? తూర్పు కనుమల్లో పొగకు చచ్చిన అడవి ఒక్కటి చూపించండి, నేనే సంతకం పెడతాను.

చెమ్నిట్జ్_శీను
నా గొడవంతా ఆ ఆఖరి మాటతోనే అన్నా. చచ్చిన అడవి చూపించాకే కదులుతానంటే, అప్పటికి నేల చెడి ఎన్నేళ్లయి ఉంటుంది? జర్మనీ వైపున్న శాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం నేలలో ఆమ్లం తగ్గించడానికి ఇప్పటికీ హెలికాప్టర్లతో ఆ కొండల మీద సున్నం చల్లిస్తోంది. ఆ ఖర్చు నువ్వన్న పావలాలో లేదు.

బొగ్గుబాబు
వాళ్లకు డబ్బుంది, చల్లుకుంటారు. వేసవిలో కరెంటు పోతే మొదట నన్ను తిట్టేది మీ ఊరివాళ్లే.

వనజ_బోటనీ
గంధకం తక్కువన్నారు, సరే. అది బొగ్గు టన్నుకు లెక్క. కాల్చేది ఎన్ని టన్నులు? కొండ మీద పడేది శాతం కాదు, మొత్తం. మీ ప్లాంటు చుట్టూ నేల ఆమ్లత్వం ఎప్పుడైనా కొలిచారా? ఆ కాగితం పెట్టండి, మాట్లాడుకుందాం.

పిల్లిమొగ్గ
నాకూ ఆ కాగితం చూడాలనుంది బాబన్నా.

బొగ్గుబాబు
నైట్ షిఫ్ట్ ఉంది. రేపు.