వీఆర్‌లో మాత్రమే వస్తే, మన సిరీస్ తిరిగొచ్చినట్టేనా?

టార్చి_ఆర్పేవాడు

దొంగగా చీకట్లో నక్కుతూ ఆడే థీఫ్ సిరీస్‌లో 2014 గేమ్ తర్వాత ఇంకొకటి రాదా అని ఏళ్ల తరబడి చూసినవాళ్లలో నేనొకణ్ణి. 1998లో వచ్చిన మొదటి భాగం నేర్పినంత ఓపిక నాకు ఇంకే గేమూ నేర్పలేదు. టైల్స్ మీద నడిస్తే టకటకా చప్పుడు, తివాచీ మీద అయితే ఏమీ వినపడదు. నీటి బాణంతో కాగడా ఆర్పి, కాపలావాడు సణుక్కుంటూ పక్క నుంచి వెళ్లిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. కుర్చీలో నేను కూడా నిజంగానే బిగబట్టేవాణ్ణి.

2025లో ‘థీఫ్ వీఆర్: లెగసీ ఆఫ్ షాడో’ వచ్చింది. పేరు చెబుతున్నట్టే వీఆర్‌లో (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వర్చువల్ రియాలిటీ) మాత్రమే. మానిటర్ ముందు కూర్చుని ఆడే దారే లేదు. ట్రైలర్ మొదలవగానే ఎగిరి గంతేశాను, చివర్లో హెడ్‌సెట్ల పేర్లు చూసి కూలబడ్డాను.

ఇది కొత్త గాయమేమీ కాదు. వాల్వ్ కంపెనీ షూటింగ్ సిరీస్ హాఫ్-లైఫ్‌లో, హాఫ్-లైఫ్ 2: ఎపిసోడ్ 2 కథను 2007లో నడిమధ్యలో ఆపేశారు. 2020 మార్చిలో హాఫ్-లైఫ్: అలిక్స్ వచ్చింది, అదీ వీఆర్‌కే. కథ హాఫ్-లైఫ్ 2 కంటే ముందు జరిగేదే కాబట్టి పక్క కథే కదా అని సర్దుకున్నాను. తీరా చూస్తే దాని ముగింపు (ఇక్కడ చెప్పను) నేరుగా ఆ ఆగిపోయిన చోటికే వెళ్లి తగులుతుంది. పన్నెండేళ్లకు పైగా ఆగినవాళ్లు ఆ ముగింపును యూట్యూబ్‌లో ఎవరో ఆడుతుంటే చూశారు.

నాకు వీఆర్ మీద కోపం లేదు. ఆ ‘మాత్రమే’ మీదే కోపం.

క్రోబార్_లేని_చెయ్యి

బ్రో, అలిక్స్‌ను యూట్యూబ్‌లో చూసి తీర్పు చెప్పడం ఈత గురించి గట్టు మీద నుంచి మాట్లాడినట్టు ఉంటుంది.

ఒక్క సీన్ చెబుతా. జెఫ్ అని ఒక జీవి ఉంటుంది. దానికి కళ్లు లేవు, చెవులే. అది తిరిగే చోట గాల్లోని దుమ్ము పీలిస్తే అలిక్స్ (మనం ఆడే పాత్ర) దగ్గుతుంది, దగ్గిందా అయిపోయినట్టే. అందుకని నిజంగా చెయ్యెత్తి నోటికి అడ్డం పెట్టుకోవాలి. మిగిలిన ఒక్క చేత్తో అల్మరా తలుపు తెరవాలి. తలుపుకు ఆనుకుని లోపల ఖాళీ సీసా నిలబడి ఉంటుంది, కింద పడితే చప్పుడు. దాన్ని పట్టుకోవాలంటే నోటి మీది చెయ్యి తీయాలి. ఆ క్షణంలో నేను చేసిన పని చెబితే నవ్వుతారు: మోచేత్తో నోరు మూసుకోబోయాను. ఒళ్లు అంతగా నమ్మేసింది మరి.

తుపాకీ సంగతీ అంతే. ‘ఆర్’ నొక్కితే లోడయ్యే రకం కాదు. ఖాళీ మ్యాగజైన్ జారవిడిచి, భుజం మీదుగా వీపు సంచిలోంచి కొత్తది తీసి, లోపలికి తోసి, స్లైడ్ వదలాలి. హెడ్‌క్రాబ్ (తలకు అతుక్కునే పీత లాంటి జీవి) మీదికి దూకుతుంటే ఈ నాలుగు పనులూ ఎన్నిసార్లు తారుమారయ్యాయో! మౌస్‌తో ఎన్ని హెడ్‌క్రాబ్‌లు చంపినా ఈ టెన్షన్ రాలేదు.

ఇలాంటి గేమ్‌ను మానిటర్‌కూ సరిపోయేలా చేయమంటే రెండింటికీ చెందనిది తయారవుతుంది. స్కైరిమ్ వీఆర్ ఆడారా? అసలు గేమ్ మామూలు స్క్రీన్ కోసం కట్టింది కాబట్టి చేతులు ఉండీ లేనట్టే, సగం పనులు బటన్లతో మెనూల్లోనే జరుగుతాయి.

లేట్_నైట్_లాగిన్

ఈత ఉపమానం బాగుంది, ఈతకొలను టికెట్టే కొంచెం ఎక్కువ. అలిక్స్ వచ్చిన కొత్తల్లో వాల్వ్ సొంత హెడ్‌సెట్ ఇండెక్స్ పూర్తి సెట్ 999 డాలర్లు, దాన్ని లాగగలిగే పీసీ వేరే. ఇండెక్స్ కొన్నవాళ్లకు గేమ్ ఫ్రీ! వాల్వ్ నడిపే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణం స్టీమ్ ప్రతినెలా వేసే హార్డ్‌వేర్ సర్వేలో వీఆర్ ఉన్నవాళ్లు ఇప్పటికీ రెండు శాతం అటూ ఇటూ. మిగతావాళ్లంతా కిటికీలోంచి చూడాలన్నమాట.

బ్యాట్‌మ్యాన్ సంగతి ఇంకా ఘోరం. ఆర్కమ్ షాడో 2024లో వచ్చింది, మెటా కంపెనీ క్వెస్ట్ 3, 3ఎస్‌లకు తప్ప ఇంకే హెడ్‌సెట్‌కూ లేదు. అంటే వేరే హెడ్‌సెట్ కొని కూర్చున్నవాడికి కూడా లేదు. ఇక్కడ వీఆర్ గొప్పతనం ఏముంది? డబ్బా అమ్ముకోవడానికి బ్యాట్‌మ్యాన్‌ను ముందు నిలబెట్టారు, అంతే.

క్రోబార్_లేని_చెయ్యి

ఆర్కమ్ షాడో విషయంలో మీతో వాదించను. ఒకే కంపెనీ డబ్బాకు కట్టేయడం నాకూ నచ్చలేదు. అయితే క్వెస్ట్ 3ఎస్ 300 డాలర్లకే వచ్చింది, పీసీ అక్కర్లేదు. 999 లెక్క పాతబడింది.

ఇంకోటి గుర్తుచేస్తా. 2004లో హాఫ్-లైఫ్ 2కి స్టీమ్ తప్పనిసరి చేసినప్పుడు ఎంత గోల! డిస్క్ కొన్నవాడు కూడా ఇంటర్నెట్‌లో అకౌంట్ తెరవాలా అని తిట్టని గేమర్ లేడు. పక్క నుంచి చూస్తూ ఆడే మెట్రాయిడ్‌ను 2002లో ఫస్ట్ పర్సన్ (పాత్ర కళ్లతోనే చూసేలా) చేసినప్పుడూ సిరీస్ పోయిందన్నారు. ఇప్పుడు వాటిని తిట్టేవాళ్లు ఎక్కడ?

టార్చి_ఆర్పేవాడు

స్టీమ్ ఉచితం బ్రో. మెట్రాయిడ్ ప్రైమ్‌కు అందరి దగ్గరా ఉండే మామూలు టీవీ చాలు. గేమ్ మారితే అలవాటు పడతాం. గుమ్మమే మారిస్తే ఎలా?

ఎడమకన్ను

ఇక్కడ అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. రేపు హెడ్‌సెట్ ఊరికే ఇచ్చినా నాకు పెద్దగా లాభం లేదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఎడమ కన్ను లేజీ ఐ. రెండు కళ్లకూ కొద్దిగా వేర్వేరు బొమ్మలు చూపించి లోతు పుట్టించడమే హెడ్‌సెట్ చేసే పని. నా మెదడు ఆ రెండు బొమ్మలనూ సరిగ్గా కలపదు. అందుకే మీరు ‘అబ్బ’ అనుకునే చోట నాకు కళ్లకు దగ్గరగా పెట్టిన టీవీ కనిపిస్తుంది. దానికి తోడు కడుపులో తిప్పడం. కన్నేమో నడుస్తున్నావంటుంది, చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగమేమో కూర్చునే ఉన్నావంటుంది, ఆ రెండింటి గొడవ కడుపు మీద పడుతుంది. నడక బదులు టెలిపోర్ట్ పెట్టుకుంటే తగ్గిన మాట నిజమే. తగ్గింది, పోలేదు.

అలిక్స్‌లో కూర్చుని ఆడే ఆప్షన్, ఒక్క చేత్తో ఆడే ఆప్షన్ పెట్టారు, అందుకు మెచ్చుకోవాలి. కానీ ‘అలవాటు పడతారు’ అనేవాళ్లకు నాదొక్కటే ప్రశ్న: నా కన్ను దేనికి అలవాటు పడాలి?

క్రోబార్_లేని_చెయ్యి

ఎడమకన్ను గారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. ‘ఈతగట్టు’ మాట మిమ్మల్ని ఉద్దేశించి అన్నది కాదు.

కుర్చీలోనే_ఆడతా

2023లో ఔత్సాహికులు ‘నోవీఆర్’ అని ఒక మాడ్ (గేమ్‌ను మార్చే అదనపు ఫైళ్లు) వదిలారు, దానితో అలిక్స్‌ను కీబోర్డు, మౌస్‌తో ఆడొచ్చు. చివరిదాకా ఆడాను. కథ తెలిసింది, కథ జరిగే సిటీ 17 కళ్లారా చూశాను, సంతోషం. కానీ నిజం చెప్పాలి: గేమ్ బోసిపోయినట్టు ఉంది. గదికి ఇద్దరు ముగ్గురు శత్రువులు. వీఆర్‌లో లోడ్ చేయడానికే చెమటలు పడతాయి కాబట్టి ఆ లెక్క సరిపోతుందేమో, మౌస్ చేతిలో ఉంటే వాళ్లు పది సెకన్ల పని. క్రోబార్ గారి మాటలో సగం ఒప్పుకోక తప్పదు.

మిగతా సగం ఒప్పుకోను. హారర్ గేమ్ రెసిడెంట్ ఈవిల్ 7ను 2017లో టీవీ మీదా ఆడొచ్చు, ప్లేస్టేషన్ వీఆర్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకానూ ఆడొచ్చు. రెండూ భయపెట్టాయి. తర్వాత అదే సిరీస్‌లోని విలేజ్‌కు, నాలుగో భాగం రీమేక్‌కు వీఆర్ మోడ్ ఉచితంగా ఇచ్చారు. చేయాలన్న మనసుంటే కుదురుతుందనడానికి ఇంకేం కావాలి?

లేట్_నైట్_లాగిన్

ఆ ఉచితం కూడా ప్లేస్టేషన్ హెడ్‌సెట్ ఉన్నోడికే బాబూ. (అయినా మీ పాయింట్ కరెక్టే.)

టార్చి_ఆర్పేవాడు

వారం తర్వాత వచ్చాను. ఒక ఫ్రెండ్ దగ్గర హెడ్‌సెట్ అడిగి తెచ్చుకున్నాను. థీఫ్ కొనలేదు, వాడి అకౌంట్‌లో ఉన్న అలిక్స్ పెట్టాను.

మొదటి చాప్టర్‌లో ఒక చోట కిటికీ అద్దం, పక్కన మార్కర్లు ఉంటాయి. ఆ అద్దం మీద ఏమైనా గీసుకోవచ్చు. కథ వదిలేసి పావుగంట అక్కడే ఉన్నాను. ముందు అడ్డదిడ్డంగా గీతలు, తర్వాత కాగడా బొమ్మ, దాని పక్కన నీటి బాణం. తుడిస్తే చెరిగిపోయింది. మళ్లీ గీశాను. తర్వాత కొంచెం ముందుకెళ్లేసరికి తల తిరిగి, హెడ్‌సెట్ తీసి నేల మీద పడుకున్నాను.

క్రోబార్ బ్రో, నువ్వు చెప్పింది అర్థమైంది. ‘మాత్రమే’ మీద కోపం పోలేదు, ఇంకొంచెం పెరిగింది కూడా. ఇంత బాగుంటుందని తెలియకముందే నయం. రేపు వాడిది వాడికి ఇచ్చేయాలి.

ఎడమకన్ను

ఇచ్చేముందు ఆ కాగడా బొమ్మ స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి. అదైతే నాకూ కనిపిస్తుంది.