2012 స్విఫ్ట్ డీజిల్ సైలెన్సర్ లైన్: వెల్డింగ్ నిలవడం లేదు, మళ్లీ ప్యాచ్ వేయించాలా, మార్చేయాలా?

గుంటూరు డీజిల్:
బండి 2012 స్విఫ్ట్ 1.3 డీజిల్, బీఎస్4, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్‌లో ఫ్లోరింగ్ దాకా నీళ్లలో ఉన్న బండి. ముందు వైపు ఫ్లెక్సిబుల్ పైపు (వంగే అల్లిక గొట్టం) దగ్గర చీలింది. ఆర్క్ వెల్డింగ్ పెట్టించాను, నెలన్నరకి వెల్డింగ్ పక్కనే మళ్లీ చీలింది. ఇంకోసారి పెట్టించాను, మళ్లీ అదే కథ. పొద్దున స్టార్ట్ చేయగానే బుడబుడమని శబ్దం, సిగ్నల్‌లో ఆగితే లోపలికి పొగ వాసన. వెనక సైలెన్సర్ డబ్బా కూడా కింద తుప్పు పట్టింది. పికప్‌లో పెద్ద తేడా లేదు. మొత్తం లైన్ మార్చేయమని ఒకరు, క్యాట్ (పొగలోని విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) తీసేసి స్ట్రెయిట్ పైపు వేస్తే సరిపోతుందని ఇంకొకరు అంటున్నారు. పని విజయవాడ ఆటోనగర్‌లో చేయిద్దామని ఉంది. ముందు ఏం చూడమంటారు?

ఆటోనగర్ పైపులైన్:
పికప్ తగ్గలేదంటే లీకు టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌కి గాలి ఎక్కించేది) తర్వాతే ఉంది. టర్బోకి ముందు, అంటే ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మేనిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర లీకైతే బూస్ట్ (టర్బో ఎక్కించే గాలి ఒత్తిడి) పడిపోతుంది, బండి లాగదు, లోడులో టిక్‌టిక్‌మని వినిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఫ్లెక్సిబుల్ పైపు దానంతట అది చీలడం తక్కువండి. ఇంజిన్ అడ్డంగా కూర్చున్న బండ్లలో యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపుని ఆపేది మౌంటింగులు, మిగిలింది మింగేది ఫ్లెక్సిబుల్. మౌంటింగ్ రబ్బరు చిరిగితే ఊపంతా ఫ్లెక్సిబుల్ మీదే పడుతుంది. దాని మీద వెల్డింగ్ పెడితే మెత్తగా వంగాల్సిన చోట గట్టి ముక్క తయారవుతుంది, ఆ ముక్క అంచునే మళ్లీ చీలుతుంది. మీకు రెండుసార్లూ జరిగింది ఇదే. తప్పు వెల్డర్‌ది మాత్రమే కాదు.

బానెట్ తెరిచి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరు సీట్లో కూర్చుని ఫుట్ బ్రేక్ గట్టిగా తొక్కి ఫస్ట్‌లో కొద్దిగా క్లచ్ వదలాలి, తర్వాత రివర్స్‌లో అలాగే. మీరు బండికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి చూడండి. ఇంజిన్ ఎగిరినట్టు ఊగితే ముందు మౌంటింగులు మార్చండి, ఆ తర్వాతే ఫ్లెక్సిబుల్. వరుస తిరగేస్తే కొత్త పైపు కూడా దండగే.

ఫ్లెక్సిబుల్ కొనేటప్పుడు పైన అల్లిక ఒక్కటే చూడకండి. లోపల ఇంటర్‌లాక్ లైనర్ (ఒకదానిలో ఒకటి దూరిన రేకు చుట్ల పొర) ఉన్నదే తీసుకోండి. పాతది కోయకముందే పొడవు కొలిచి రాసుకోవాలి, పైపు బయటి డయా వెర్నియర్‌తో చూడాలి. దొరికింది కదా అని సన్నది వేయించొద్దు, బ్యాక్ ప్రెషర్ (పొగ వెనక్కి తన్నే ఒత్తిడి) పెరుగుతుంది. బిగించేటప్పుడు లైన్ మొత్తం హ్యాంగర్ రబ్బర్ల మీద వేలాడదీసి, ఫ్లెక్సిబుల్ సాగకుండా, మెలి తిరగకుండా, నొక్కుకోకుండా ఉన్నప్పుడు నాలుగు చోట్ల టాకా (చిన్న చుక్క వెల్డింగ్) పెట్టించి, పైపు కిందకి దించి చుట్టూ వెల్డింగ్ చేయించాలి. నిప్పురవ్వలు పడకుండా అల్లిక మీద తడిగుడ్డ కప్పమనండి. ఈ పల్చటి పైపుకి ఆర్క్ వద్దు, కాలి రంధ్రం పడుతుంది. సీఓ2 వెల్డింగ్ (గ్యాస్ రక్షణతో సన్నటి తీగ వెల్డింగ్) చేయించండి. బండి మీద టాకా పెట్టేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ విప్పి, ఎర్త్ క్లాంప్ వెల్డింగ్‌కి దగ్గర్లో అదే పైపు మీద పెట్టాలి. లేకపోతే ఈసీఎంకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) ప్రమాదం.

బందర్ రోడ్:
వరద బండి కాబట్టి వెనక డబ్బా సంగతి వేరే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. ఖంగుమంటే లోపల ఖాళీ. మొద్దుగా వినిపిస్తే ఒండ్రు గడ్డకట్టి ఉంటుంది. గలగలమంటే లోపలి పలకలు తుప్పు రాలి విడిపోయినట్టు. కింద తుప్పు ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగిపోయిందా, దాని మీద ప్యాచ్ నిలవదు. వెల్డింగ్‌కి పట్టు దొరకాలంటే చుట్టూ మంచి రేకు ఉండాలి.

డబ్బా అడుగున కంపెనీ వాళ్లే పెట్టిన చిన్న డ్రెయిన్ రంధ్రం ఉంటుంది. పొగలోని తేమ చల్లబడి నీరై అందులోంచి కారాలి. అది లీకు అనుకుని చాలామంది వెల్డింగ్‌తో మూసేస్తారు, ఆర్నెల్లకి డబ్బా లోపలి నుంచి కుళ్లిపోతుంది. గుంటూరులో బ్రాడీపేట నుంచి లాడ్జి సెంటర్ దాకా అంటూ దగ్గర దూరాలే తిరిగే బండికి ఇది మరీ ముఖ్యం. పైపు పూర్తిగా వేడెక్కదు, నీరు ఆవిరి కాదు.

లోహం గురించి ఒక మాట. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలు కాదని షాపులో అంటే నమ్మకండి. కంపెనీ లైన్లలో వాడే 409 గ్రేడ్ స్టెయిన్‌లెస్‌కి అయస్కాంతం అంటుకుంటుంది, పైన కాస్త గోధుమరంగు తుప్పు కూడా కనిపిస్తుంది. కుళ్లిందా లేదా అన్నది రంగు బట్టి కాదు, మందం బట్టి.

నిడమానూరు:
క్యాట్ తీయించొద్దండి. సైలెన్సర్, కాలుష్య నియంత్రణ సామాను తీసి తిప్పితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లైసెన్సు సస్పెన్షన్ కూడా. మీ ఆర్‌సీకి 15 ఏళ్లు నిండేది 2027లో, అప్పుడు ఫిట్‌నెస్‌కి వెళ్లాలి. క్యాట్ లోపల ప్లాటినం జాతి లోహాలు ఉంటాయి కాబట్టి స్క్రాప్‌లో మంచి ధర పలుకుతుంది. ఎవరైనా ఉచితంగా తీసేస్తామంటే కారణం అదే. ఏ భాగం మార్చినా పాత సామాను అడిగి తీసుకోండి.

పొగ పరీక్షలో బీఎస్4 డీజిల్‌కి పరిమితి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత). లైన్ మార్చితే నల్లపొగ తగ్గుతుందని మాత్రం అనుకోకండి. దానికి ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) గొట్టం, ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు), ఇంజెక్టర్లు చూడాలి.

గుంటూరు డీజిల్:
చూశాను. రివర్స్‌లో ఇంజిన్ బాగా ఊగుతోంది, వెనక మౌంటింగ్ రబ్బరు సగం తెగింది. డబ్బా మొద్దుగా వినిపిస్తోంది, స్క్రూడ్రైవర్ దిగింది. మధ్య పైపు గట్టిగానే ఉంది. కానీ జాయింట్ బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. వాటి గతి ఏంటి? పని అయ్యేదాకా ఎక్సాస్ట్ పేస్ట్ (లీకు మూసే వేడి తట్టుకునే ముద్ద) పూస్తే పర్లేదా?

ఆటోనగర్ పైపులైన్:
అయితే మధ్య పైపు ఉంచేయండి. మౌంటింగ్, ఫ్లెక్సిబుల్, వెనక డబ్బా, అన్ని హ్యాంగర్ రబ్బర్లు, జాయింట్ రింగ్ ప్యాకింగ్ మార్చండి, చాలు.

బోల్టుల మీద ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేయండి. పొద్దున సిక్స్ పాయింట్ (ఆరు మూలల) సాకెట్‌తోనే పట్టండి, పన్నెండు పాయింట్లది మూలలు కొట్టేస్తుంది. కొద్దిగా బిగించి, తర్వాత వదులు చేస్తే తుప్పు పగులుతుంది. అయినా రాకపోతే నట్టుని గ్యాస్‌తో ఎర్రగా కాల్చి తిప్పాలి. ముందు రబ్బర్లు, డీజిల్ లైన్ దూరంగా ఉన్నాయో లేదో చూసుకుని, పక్కన నీళ్లు పెట్టుకోండి. కొత్త బోల్టులకి యాంటీసీజ్ (బిగుసుకుపోకుండా రాసే గ్రీజు లాంటిది) రాస్తే మళ్లీ ఈ తిప్పలుండవు. స్ప్రింగ్ బోల్టులు భుజం ఆనేదాకే బిగించాలి. స్ప్రింగ్ అక్కడ ఉన్నది జాయింట్ కదలడానికే.

హ్యాంగర్ తెగితే కొందరు పైపుని ఇనప కడ్డీతో బాడీకి అతికించేస్తారు, అది చేయనీయకండి. 2 మీటర్ల స్టీలు పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకి చోటు లేకపోతే మొదట చీలేది మళ్లీ ఫ్లెక్సిబులే.

పేస్ట్ చల్లని పైపుని ఇసక కాగితంతో గీకి పూయాలి, కొన్ని రోజులు నిలుస్తుంది. కానీ కదిలే ఫ్లెక్సిబుల్ మీద అసలు పనిచేయదు, డబ్బాకే పనికొస్తుంది. టర్బోకి ముందు జాయింట్లో ఎప్పుడూ వాడకండి, ముక్క ఊడితే టర్బైన్ రెక్కల్లోకి పోతుంది. ఎంసీల్ లాంటివి ఆ వేడికి మాడిపోతాయి. ఈలోగా మూసిన షెడ్డులో బండి స్టార్టింగ్‌లో ఉంచొద్దు, అద్దాలు దించే నడపండి.

పని అయ్యాక, బండి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, తోలు గ్లౌజు వేసుకుని వెనక గొట్టాన్ని గుడ్డతో నాలుగైదు సెకన్లు అదమండి. ఒకరు ప్రతి జాయింట్ మీద సబ్బు నీళ్లు చల్లాలి. బుడగ వచ్చిన చోట లీకు ఉన్నట్టే. ర్యాంప్ మీద నుంచి దించకముందే చూసుకోండి. 100 కిలోమీటర్లు తిరిగాక బోల్టులు ఇంకోసారి చూడండి. జాయింట్ చుట్టూ నల్లటి మసి గీత కనిపిస్తే ప్యాకింగ్ సరిగ్గా కూర్చోలేదు, వెనక్కి తీసుకెళ్లి మళ్లీ వేయించండి.